చెరువు కింది చరిత్ర – 9: తూము తిప్పిన చేయి, శిఖంలో మొలిచిన గడ్డి

పోయిన భాగం కింద చాలామంది ఒకటే మాట అడిగారు: "అన్నా, ఎప్పుడూ కట్ట గురించీ గుడి గురించీ రాస్తవు, రామప్ప చెరువులో మనోళ్ళ వాటా ఏంది?" సూటి ప్రశ్న. దానికి జవాబు కట్ట మీద నిలబడితే దొరకదు. కట్టకు ఎదురుగా, నీళ్ళు అయిపోయి గుట్టలు మొదలయ్యే చోటికి పోవాలి.

పాలంపేట పోయినవాళ్ళు గుడి చూస్తారు, కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు కట్ట ఎక్కుతారు, ఫోటో దిగుతారు. ఫోటోలో ముందర నీళ్ళు, వెనక గుట్టలు. ఈ రెండింటి మధ్యలో సన్నగా ఒక పచ్చటి గీత కనబడుతుంది. ఎవరూ దానికి పేరు అడగరు. దాని పేరు శిఖం. వానకాలం నీళ్ళలో ఉండి, ఎండాకాలం బయటపడే నేల. సర్కారు కాగితాల్లో "శిఖం తలాబ్". మా అవ్వకు మాత్రం అది బర్రెల బీడు, కూరల తోట, చాపల దుకాణం.

నేను ఈ జిల్లాలోనే ఇంకో ఊరివాడిని. మా తాత నీరటి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు అది ఇంటి పేరనుకుంటారు. మన దగ్గర "నీరడి" ఇంటి పేరుగా మిగిలింది కూడా. కానీ అది ముందు పని, తర్వాతే పేరు. చెరువు తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎన్ని గంటలు నీళ్ళు పోవాలో వంతు నడిపేది నీరటి. తమిళనాడులో నీర్కట్టి, కర్ణాటకలో నీరుగంటి అంటే ఇదే పని. అక్కడా ఇక్కడా చాలా ఊళ్ళలో ఆ పని చేసింది దళితులే. కొన్ని ఊళ్ళలో ఇతర కులాలవాళ్ళు కూడా చేశారు. మా వైపు ఎక్కువగా మాలలు, మాదిగలు.

ఎందుకు దళితులకే ఇచ్చారు? "నమ్మకస్తులని" అంటారు పెద్దకులపోళ్ళు. అసలు సంగతి వేరు. ఆయకట్టులో గుంట భూమి లేనివాడు తూము దగ్గర ఉంటే తన మడికి నీళ్ళు దొంగిలించలేడు. అతనికి మడే లేదు కదా! ఊరందరికీ నీళ్ళు సమానంగా పంచే పని, ఆ నీళ్ళలో ఏ వాటా లేనివాడి చేతిలో పెట్టారు. ఇంత తెలివైన ఏర్పాటు, ఇంత దుర్మార్గమైన ఏర్పాటు ఒక్కటే అయి ఉండటం మన పల్లెలకే చెల్లింది.

పని ఎట్లుండేదో చెప్తా. తూము లోపలి రంధ్రానికి బిగించిన కట్టెను ఎంత ఎత్తు లేపాలో చేతికే తెలియాలి. ఎక్కువ లేపితే కాలువ తెగుతుంది, తక్కువ లేపితే చివరి మడి ఎండుతుంది. బిగుసుకుపోతే నీళ్ళలో దిగి మునగాలి. ముసురు పట్టిన రాత్రుళ్ళు కట్ట మీద కంబలి కప్పుకొని పడుకోవాలి. ఎలుక బొరియ నుంచి, ఎండ్రకాయ బొక్క నుంచి బురదనీళ్ళు వస్తున్నాయంటే గండి పడబోతున్నట్టే. ఊరిని లేపాలి. పంట కోసినప్పుడు కల్లం దగ్గర మేర ఇచ్చేవారు. చేటతో కొలిచి, దూరం నుంచి, చెంగులో పోసేవారు. తాత ఆ వడ్లు తెచ్చి "నీళ్ళు నేనిచ్చిన, వడ్లు వాళ్ళిచ్చిన్రు. చెయ్యి మాత్రం తగలొద్దట" అని నవ్వేవాడట. ఇది మా నాయిన చెప్పిన మాట, నేను వినలేదు.

ఇప్పుడు గడ్డి దగ్గరికి వద్దాం.

చెరువు సెప్టెంబరు, అక్టోబరు నాటికి నిండుతుంది. మత్తడి దుంకుతుంది. ఆ తర్వాత యాసంగి పంటకు తూము తెరిచిన కొద్దీ నీళ్ళు తగ్గుతూ, అంచు లోపలికి జరుగుతూ పోతుంది. కట్ట వైపు ఈ మార్పు కంటికి పెద్దగా కనబడదు, ఎందుకంటే అక్కడ లోతు ఎక్కువ. ఎదుటి వైపు నేల చాపలా వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు జానెడు తగ్గితే అక్కడ ఎంతో నేల బయటపడుతుంది. ఒకేసారి కాదు, పట్టీలు పట్టీలుగా. ముందు బయటపడ్డ పట్టీలో గరిక. దాని కింద తడి పట్టీలో తుంగ, పొన్నగంటి, గుంటగలగర. నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని జమ్ము. నీళ్ళ మీద తూటికూర, కలువ. పోయిన నెల జమ్ము ఉన్న చోట ఈ నెల తుంగ, వచ్చే నెల గరిక. మే నెలకు బర్రెలు నడిమధ్యకు పోయి మేసేవి. మళ్ళీ జూన్ వానలకు అంతా నీళ్ళ కిందికి. పేడ, ఆకు, వేరు అన్నీ కుళ్ళి చేపపిల్లలకు తిండి అయ్యేవి.

ఈ తడిగడ్డి నేల మీద బతికే పక్షులు లోతు నీళ్ళ మీద బతకవు. నత్తగుల్ల కొంగకు చీలమండ లోతు నీళ్ళు కావాలి, అందులో నత్తలు కావాలి. ఎర్రకాళ్ళ కొంగకు ఎండుతున్న మడుగులో చిక్కుకున్న చిన్న చేపలు కావాలి. తీతువు నేల మీదే, పొట్టి గడ్డిలో, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. గడ్డి నడుము ఎత్తు పెరిగితే అది అక్కడ గుడ్డు పెట్టదు. బుడబుంగకు జమ్ము చాటు కావాలి. నీళ్ళు లోతుగా, అంచు నిటారుగా ఉన్న చెరువులో నీటికాకులకు పని ఉంటుంది. మిగిలిన వాటికి అక్కడ పెద్దగా తినడానికి ఏమీ ఉండదు.

అంటే ఏమిటి? ఆ గడ్డినేలను ప్రకృతి ఒక్కతే పుట్టించలేదు. నీళ్ళను నెమ్మదిగా, వంతు ప్రకారం, నెలల తరబడి దించిన ఒక చేయి పుట్టించింది. పొట్టి గడ్డిని పొట్టిగా ఉంచింది బర్రెలూ మేకలూ. జమ్ము అంతా ఆక్రమించకుండా కోసుకొచ్చింది పైకప్పు కోసం మన ఆడవాళ్ళు. తుంగను ఏటా కోసింది చాపల కోసం. పక్షుల ప్రేమికులు "సహజమైన చిత్తడి నేల" అంటూ ఫోటోలు పెడతారు కదా, ఆ సహజం వెనక ఉన్నది కూలీ లేని దళిత శ్రమ. రామప్ప చెరువుకి ఇది ఎనిమిది వందల ఏళ్ళ లెక్క.

శాసనం దగ్గరికి ఒక్కసారి పోదాం, ఎందుకంటే విద్యార్థులు అడుగుతారు. పాలంపేట శాసనం 1213 నాటిది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుడి గుడి కట్టించాడు, చెరువూ ఆయన పేరు మీదనే ఉంది. ఆ వంశం గొప్పతనం మీద శ్లోకాలకు శ్లోకాలు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించినవాళ్ళకు దశబంధం అని ఆయకట్టులో పదో వంతు మాన్యంగా ఇచ్చే ఆచారం ఉంది. తవ్వించినవాడికి పదో వంతు, తవ్వినవాడికి ఆ పూట అంబలి. 1922లో గులాం యాజ్దానీ పాలంపేట గుడుల మీద పుస్తకం వేశారు. శిల్పాల గురించి దానికి మించిన పుస్తకం చాలాకాలం రాలేదు. మనకు కావలసిన మనుషులు అందులో లేరు. అది ఆయన తప్పు అనను. రాతి మీద లేని పేరును ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? లోకం మాత్రం గుడిని రాజు పేరుతోనో సేనాని పేరుతోనో కాకుండా రామప్ప అనే శిల్పి పేరుతో పిలుస్తోంది, శాసనంలో ఆ పేరు లేకపోయినా. జనం నోట పనివాడి పేరు నిలవడానికి అవకాశం ఉందని అదొక్కటి చూపిస్తుంది. చెరువు విషయంలో అదీ జరగలేదు.

నీరటి చేయి తూము మీది నుంచి ఎట్ల పోయింది? ఒక్కరోజులో పోలేదు. బోర్లు వచ్చాయి, బోరున్నవాడికి వంతుతో పని లేకుండా పోయింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. దొరల పెత్తనం కొంత పోయినందుకు మనం సంతోషించాం, సంతోషించాలి కూడా. కింది పనివాళ్ళు మాత్రం చాలీచాలని జీతంతో అట్లనే మిగిలారు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగించే చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. ప్రజాస్వామ్యం అన్నారు. అందులో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళకు. నీళ్ళు పంచిన నీరటికి ఓటు లేదు, శిఖంలో బర్రెలు మేపిన అవ్వకు ఓటు లేదు, చేపలు పట్టే ముదిరాజుకు చేపల సంఘం వేరే. చెరువంటే ఆయకట్టు మాత్రమేనని చట్టమే తేల్చేసింది.

ఆ మధ్యలోనే నీరటి, కావలికారు, మస్కూరి, ఇట్లాంటి పాత పనివాళ్ళందరినీ గ్రామ రెవెన్యూ సహాయకులనే ఒకే పేరు కింద చేర్చారు. 2023 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థనే తీసేసి ఇరవై వేలకు పైగా ఉన్న వాళ్ళను వేర్వేరు శాఖల్లో సర్దింది. కొందరు నీటిపారుదల శాఖలో లష్కర్లయ్యారు. పర్మనెంట్ జీతం రావడం చిన్న విషయం కాదు, ఎన్నో ఏళ్ళ కొట్లాట ఫలితం. కానీ ఏ తాత చెరువు దగ్గర పని చేశాడో మనవడికి అదే చెరువు దగ్గర పోస్టింగు రావాలని ఎవరూ అనుకోలేదు. చెరువు తెలిసినవాడు ఎక్కడో ఆఫీసులో ఫైళ్ళు మోస్తుంటాడు.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. నలభై ఆరు వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నారు. దీన్ని పూర్తిగా తిట్టేవాళ్ళతో నేను లేను. తెగిన కట్టలు నిలబడ్డాయి, బావుల్లో ఊట పెరిగింది, మా ఊళ్ళోనే చూశాను. కానీ రెండు సంగతులు గమనించండి. పూడిక మట్టి ఉచితం, మోసుకుపోయే ఖర్చు రైతుది. ట్రాక్టరూ పొలమూ ఉన్నవాడి చేను సారవంతమైంది. భూమి లేని వాడలోకి ఒక్క తట్ట రాలేదు. రెండోది, జేసీబీ ఎక్కడ తవ్వింది? ఎండినప్పుడు బండి దిగడానికి వీలున్న చోట, అంటే శిఖంలో. చాపలా వాలుగా ఉన్న నేల గుంతలు గుంతలైంది. నీళ్ళు తగ్గినా పట్టీలు పట్టీలుగా బయటపడే అంచు లేకుండా పోయింది. ఆ గుంతల ఒడ్డున ఇప్పుడు లొట్టపీసు, సర్కారు తుమ్మ. రెండింటినీ బర్రె ముట్టదు. కోడ్‌లో ఎన్ని లక్షల ఘనపు మీటర్ల పూడిక అని రాస్తారు గానీ ఎంత గడ్డి పోయిందో రాసే గడి లేదు.

ఇప్పుడు పాలంపేట వైపు ఇంకో ఒత్తిడి. 2021 జులై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2024 నవంబరులో కేంద్ర పర్యాటక శాఖ రామప్ప ప్రాంత పర్యాటక సర్క్యూట్‌కు 73.74 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంకోపక్క దేవాదుల ఎత్తిపోతల మూడో దశలో గోదావరి నీళ్ళు రామప్ప మీదుగా సొరంగంలో ధర్మసాగర్ వైపు పోవాలి. అంటే నీటిపారుదల శాఖకు చెరువు ఎప్పుడూ నిండి ఉండటం కావాలి. పర్యాటకానికీ అదే కావాలి, పడవ నడవాలి కదా, ఫోటో బాగుండాలి కదా. నిండు చెరువే అందమని అందరూ ఒప్పేసుకున్నారు.

ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువుకు తడిగడ్డి అంచు ఉండదు. గడ్డి మునిగి కుళ్ళిపోతుంది, గుర్రపుడెక్క వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 2023 జులై చివర్లో ఇదే వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఇంతవరకూ నమోదైన వాటిలో అంత పెద్ద వాన లేదు. అట్లాంటి వాన వచ్చే ముందు చెరువులో ఖాళీ ఉంటే ఆ ఖాళీ శిఖమే. వరదకు పరుచుకునే చోటు ముందే నింపి పెట్టుకుంటే నీళ్ళు ఎటు పోతాయి? దిగువన ఉన్న వాడలోకే. ఊరిలో పల్లపు నేల ఎవరికి ఇచ్చారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

"సరే, అట్లయితే శిఖాన్ని పక్షుల కోసం కాపాడాలి, చుట్టూ కంచె వేయాలి" అని మంచి మనసుతో అనే మిత్రులున్నారు. వాళ్ళకోసం భరత్‌పూర్ కథ చెప్పాలి. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ కూడా పద్దెనిమిదో శతాబ్దంలో రాజులు బంధం కట్టి నీళ్ళు మళ్ళించగా ఏర్పడిన తడినేల, మన రామప్పలాగే మనిషి చేసింది. 1980ల మొదట్లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 1982లో బర్రెల మేత నిషేధించారు. ఊళ్ళవాళ్ళు తిరగబడితే పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు. 1985లో యునెస్కో జాబితాకెక్కింది. తర్వాత ఏమైంది? మేసే నోరు లేక ఒక రకం గడ్డి నీళ్ళ మీద దట్టంగా అల్లుకుపోయింది. బాతులు దిగే ఖాళీ నీళ్ళు తగ్గిపోయాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పదేళ్ళు పరిశోధన చేసి, బర్రెల మేత ఆపడం పక్షులకే నష్టం చేసిందని తేల్చింది. ఆ సంస్థే, సలీం అలీ సంస్థే, అంతకుముందు మేత వద్దన్న వైపు ఉంది. తప్పు తెలుసుకుని రాసినందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. తూటా తగిలినవాళ్ళకు ఆ నివేదిక ఎట్లా చేరుతుంది?

ఇంగ్లండులో ఊజ్ వాషెస్ అని ఒక వరదమైదానం ఉంది. పదిహేడో శతాబ్దంలో వెర్మూడెన్ అనే డచ్చి ఇంజనీరు అక్కడి చిత్తడి నేలలు ఎండగొట్టడానికి రెండు సమాంతర కాలువలు తవ్వించాడు. పెట్టుబడి పెట్టిన జమీందార్లకు కొత్త పొలాలు వచ్చాయి, గడ్డి మీద, చేపల మీద బతికిన పేదలు కట్టలు తెగ్గొట్టి తిరగబడ్డారు. కాలువల మధ్య నేల మాత్రం చలికాలం వరదకు, ఎండాకాలం పశువుల మేతకు మిగిలింది. ఈరోజు అది పక్షుల రక్షిత ప్రాంతం, జనం చూడటానికి వస్తారు. అక్కడ పక్షుల కోసమే పశువులను మేపుతున్నారు, మేత ఆపలేదు. తెల్లోళ్ళు చేశారు కాబట్టి గొప్ప అని కాదు. మన అవ్వ చేస్తే ఆక్రమణ, అక్కడ చేస్తే యాజమాన్యం, ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

కొల్లేరు గురించి ఒక పూర్తి భాగం రాయాలి, ఇక్కడ కొంచెమే. 1970ల చివర్లో అక్కడ మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు సరస్సు నేలలో చేపల చెరువులు ఇచ్చారు. పెట్టుబడి లేని సంఘాల నుంచి డబ్బున్నవాళ్ళు లీజుకు తీసుకుని చెరువులు పెంచుకుంటూ పోయారు. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చెరువు గట్లు పేల్చేశారు. లీజుకు తీసుకున్నవాడు అప్పటికే లాభం తీసుకున్నాడు, కాగితం మీద పేరున్న మనవాడు దోషి అయ్యాడు. సరస్సును మింగినప్పుడూ మన పేరే, విడిపించినప్పుడూ మన నేలే. అటపాకలో గూడబాతులను చూడటానికి పడవలు నడుస్తున్నాయి. చూడండి, తప్పేం లేదు, నేనూ చూశాను. పడవ టికెట్టు డబ్బు ఎటు పోతుందో కూడా అడగండి.

మళ్ళీ పాలంపేట. మీకు వింతగా అనిపించే విషయం ఒకటి: 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నియమాల ప్రకారం సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు చిత్తడి నేలల కిందికే రావు. 1213లో తవ్వినా సరే. కాబట్టి రామప్ప శిఖాన్ని కాపాడే బాధ్యత ఆ నియమాల కింద ఎవరికీ లేదు. మిగిలింది రెవెన్యూ రికార్డు, చెరువు పూర్తి మట్టం హద్దు, మన గొంతు.

మనం అడగాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. పర్యాటకం డబ్బులో కొంత శిఖానికి పెట్టండి: గుంతలు పూడ్చి అంచును మళ్ళీ వాలుగా చేయండి, లొట్టపీసు, తుమ్మ పీకించండి, ఆ పని ఉపాధి హామీలో వాడ జనానికి ఇవ్వండి. జనవరి నుంచి మే వరకు నీళ్ళు ఎట్లా దించాలో ఒక క్యాలెండరు రాయండి, దేవాదుల నీళ్ళు దానికి లోబడి రావాలి. మేత హక్కు, తుంగ కోసుకునే హక్కు, కూర తెంపుకునే హక్కు కాగితం మీద రాయండి. తీతువు గుడ్లు పెట్టే ఆ కొద్ది వారాలు ఏ పట్టీలోకి బర్రెలు పోకూడదో మేపేవాళ్ళతోనే కూర్చుని తేల్చండి, వాళ్ళకు తెలుసు. తూము దగ్గర లష్కరు ఉద్యోగం నీరటి కుటుంబాలకు ఇవ్వండి. వచ్చిన పర్యాటకులకు కొంగలను చూపించే గైడు, గుడిలో శిల్పాలు చూపించే గైడుతో సమానంగా జీతం తీసుకునే మనిషి, ఆ గడ్డిలో బర్రెలు కాసిన ఇంటి నుంచి రావాలి. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నది దాహం తీర్చుకోవడానికి కాదని ఆయనే చెప్పారు. ఆ చెరువు మీద అందరిలాగే మనకూ హక్కుందని చూపడానికి. మనకు ఈ చెరువులో నీళ్ళు మాత్రమే కాదు, నీళ్ళు తగ్గాక మిగిలే నేల కూడా ఉంది.

కాకతీయ యూనివర్సిటీలో చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తున్నా. మార్చిలో పాలంపేట పోండి, కట్ట మీద కాదు, ఎదుటి అంచుకు. పొద్దున ఆరింటికి ఉండండి. ఏ పట్టీలో ఏ గడ్డి ఉంది, ఏ పిట్ట దిగింది, ఎవరు ఏం కోసుకుంటున్నారు, రాసుకోండి. మేపేవాళ్ళను "అవ్వా, తాతా, ఇంతకుముందు నీళ్ళు ఎందాక దిగేవి?" అని అడిగి ఆ చోట నిలబడి ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టండి. తర్వాత తహసీల్ ఆఫీసులో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్ళు అడగండి, శిఖం సర్వే నంబర్లు ఎన్ని, విస్తీర్ణం ఎంత, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎంత చూపిస్తున్నారు, పక్కపక్కన పెట్టండి. నేను మా ఊరి చెరువుకు అట్లా పెట్టి చూశాను. మా తాత నీరటి ఇనాం కింద ఉన్న ఒక ఎకరం పది గుంటలు ఒక కాగితంలో ఉంది, తర్వాతి కాగితంలో లేదు.

ఖాస్రా పహాణీలో ఏ గడి ఏమిటో, ఉర్దూ మాటలు ఎట్లా చదవాలో వచ్చే భాగంలో.

జై భీమ్.